వేయని బాంబుకు పాపం ఉంటుందా?

మా మస్జిదులో ఆదివారం ఉదయం బడిపిల్లలకు దీనీ తరగతి జరుగుతుంది. ఆ రోజు పాఠం 'నియ్యత్' గురించి. మనిషి చేసే పనికి అతని సంకల్పమే ప్రాణమని చెబుతుండగా పదో తరగతి చదివే ఒక అబ్బాయి లేచి నిలబడ్డాడు. "మౌలానా సాబ్, మా సోషల్‌లో ప్రచ్ఛన్న యుద్ధం పాఠం అయింది. అమెరికా, సోవియట్ రష్యా నలభై ఏళ్లు ఒకరి మీద ఒకరు అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్నారట. కానీ ఒక్కటీ వేసుకోలేదు. మరి వేయని బాంబుకు పాపం ఉంటుందా?"

పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "వచ్చే ఆదివారం చెబుతాను బేటా" అని పాఠం ముగించాను. ఆ వారమంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన ఇళ్లలో పిల్లలు కూడా ఇదే అడగవచ్చు కనుక నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు సంగతేమిటో చూద్దాం. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై, 9న నాగసాకిపై అమెరికా అణుబాంబులు వేసింది. ఆ ఏడాది ముగిసేలోగా హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది, నాగసాకిలో దాదాపు 70,000 మంది మరణించారని అంచనా. నాలుగేళ్లకు, 1949 ఆగస్టు 29న, సోవియట్ యూనియన్ కూడా తన బాంబును పరీక్షించింది. ఒకరు స్వేచ్ఛ పేరు చెప్పారు, మరొకరు సమానత్వం పేరు చెప్పారు. మనిషి మేలు కోసమే పుట్టామని చెప్పుకున్న ఆ రెండు సిద్ధాంతాలూ, తాము నెగ్గకపోతే మనిషి అనేవాడే మిగలకపోయినా ఫరవాలేదన్నంత దూరం వెళ్లాయి. 1986 నాటికి ప్రపంచంలో 70 వేల దాకా అణ్వస్త్రాలు పోగయ్యాయి. అందులో అత్యధిక భాగం ఈ ఇద్దరివే.

'అది ఉత్త బెదిరింపే కదా' అని కొందరంటారు. కానే కాదు. 1960లలో అమెరికా హైడ్రోజన్ బాంబులు నింపిన విమానాలను రాత్రింబవళ్లు ఆకాశంలో తిప్పింది. 1966 జనవరి 17న అలాంటి విమానం ఒకటి స్పెయిన్‌లోని పలోమారెస్ అనే పల్లె మీద మరో విమానాన్ని ఢీకొంది. నాలుగు బాంబులు కింద పడ్డాయి. అణు విస్ఫోటం జరగలేదు గాని, రెండింటిలోని మామూలు పేలుడు పదార్థం పేలి ప్లుటోనియం పొలాల్లో చిమ్మింది. ఉత్త మాటే అయితే ఆకాశంలో బాంబులెందుకు? సంకల్పం ఉంది, దానికి కావలసిన సరంజామా ఉంది, ఆజ్ఞ అందగానే పని ముగించడానికి తర్ఫీదు పొందిన మనుషులూ ఉన్నారు. లేనిదల్లా ఆ ఆజ్ఞ ఒక్కటే.

ఇప్పుడు షరీఅత్ మాటకు వద్దాం. మనసులో మెరిసి మాయమయ్యే చెడు ఆలోచనకు లెక్క లేదు. ఇది అల్లాహ్ కారుణ్యం. కానీ ఇమామ్ నవవీ వంటి వ్యాఖ్యాతలు రెంటిని వేరు చేసి చూపారు. ఒకటి 'హమ్', అంటే వచ్చిపోయే తలంపు. రెండోది 'అజ్మ్', అంటే మనసు గట్టిచేసుకున్న నిశ్చయం. రెండోదానికి జవాబు చెప్పుకోవలసి ఉంటుందన్నది వారి అభిప్రాయం. దీనికి ఆధారంగా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఒక హదీసును చూపుతారు. ఇద్దరు ముస్లిములు కత్తులు దూసి తలపడితే చంపినవాడూ చచ్చినవాడూ ఇద్దరూ నరకానికే పోతారని దైవప్రవక్త (స) చెప్పారు. చంపినవాడి సంగతి సరే, చచ్చినవాడు చేసిన నేరమేమిటని సహాబాలు అడిగారు. అతడూ తన తోటివాణ్ణి చంపాలనే తహతహతో ఉన్నాడు గదా అని జవాబు వచ్చింది. కత్తి దిగకపోయినా అతని చేతిలో కత్తి ఉంది, మనసులో నిశ్చయం ఉంది. నా మటుకు నాకు ఈ హదీసు చదివినప్పుడల్లా ఆ రెండు అగ్రరాజ్యాలే కళ్లముందు మెదులుతాయి.

మా అబ్బాయి తెలివైనవాడు. "చెడు తలపెట్టి మానుకుంటే పుణ్యం రాస్తారని మీరే చెప్పారు కదా" అని అడుగుతాడని ముందే ఊహించాను. అడిగాడు కూడా. నిజమే, కానీ ఏ కారణంతో మానుకున్నాడన్నది ముఖ్యం. అల్లాహ్‌కు భయపడి మానుకున్నవాడికే ఆ పుణ్యం. గోడ దూకబోయి లోపల కుక్క మొరగడంతో వెనుదిరిగిన దొంగకు పుణ్యమేం వస్తుంది? అగ్రరాజ్యాలు ఆగింది ఎదుటివాడి బాంబు భయంతో. అవతలివాడి దగ్గర బాంబు లేనప్పుడు ఏం జరిగిందో హిరోషిమాను అడగాలి.

ఈ భయం రాజధానుల్లోనే ఆగిపోలేదు, ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 1961 జులైలో బెర్లిన్ విషయమై ఉద్రిక్తత పెరిగినప్పుడు అధ్యక్షుడు కెన్నెడీ రక్షణ స్థావరాల గురించి ప్రజలతో మాట్లాడారు. అమెరికన్లు కొందరు పెరట్లో నేలమాళిగలు తవ్వించుకోవడం మొదలుపెట్టారు. ఇక అక్కడ ఒక చర్చ బయలుదేరింది. బాంబు పడిన రోజు పక్కింటివాడు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి తలుపు కొడితే ఏం చేయాలి? తుపాకీతో అడ్డుకుంటామని బాహాటంగా చెప్పినవారున్నారు. ఎల్. సి. మెక్‌హ్యూ అనే జెసూట్ పాద్రీ అదే ఏడాది సెప్టెంబరులో ఒక కాథలిక్ వారపత్రికలో వ్యాసం రాసి, కుటుంబం లోపలికి చేరాక బలవంతంగా చొరబడేవారిని అడ్డుకునే హక్కు ఇంటివారికి ఉందని వాదించారు. ఇతర క్రైస్తవ మతాచార్యులు దాన్ని తీవ్రంగా ఖండించారు.

ఆ పాద్రీని తిట్టడం తేలిక. ఆత్మరక్షణ హక్కు మన ఫిఖ్హ్‌లోనూ ఉంది. కానీ నన్ను ఆపేసింది వేరే సంగతి. బాంబు ఇంకా పడలేదు. ఆ కుటుంబాలు అప్పటికి ఒకే వీధిలో ఉంటున్నాయి, పిల్లలు కలిసి ఆడుకుంటున్నారు, సాయంత్రాలు పలకరించుకుంటున్నారు. అయినా ఒక ఇంటాయన మనసులో పక్కింటాయన అప్పటికే గుమ్మం దగ్గర చచ్చిపడి ఉన్నాడు. పొరుగువాని హక్కును అంతగా నొక్కిచెప్పిన ధర్మం మనది. ఆ హక్కు పోవడానికి బాంబు పడనక్కరలేదని, దాని భయం చాలునని ఆ ఏడాది తేలింది.

పైగా ఆ వాదన అగ్రరాజ్యాలకు అసలే పనికిరాదు. తలుపు బద్దలు కొట్టేవాడు కనీసం ఏదో ఒకటి చేస్తున్నాడు. లెనిన్‌గ్రాడ్‌లో ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డ ఏం చేసింది? షికాగోలో మంచాన పడ్డ ముసలమ్మ ఏం చేసింది? హజ్రత్ అబూ బక్ర్ (రజి) సైన్యాన్ని సాగనంపుతూ స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, పండ్లచెట్లు నరకవద్దని ఆదేశించారు. చెట్టుకే అంత రక్షణ ఉన్నచోట నగరాన్ని తాకట్టు పెట్టడం ఎలా చెల్లుతుంది? ఈ చిక్కు ఇతర మతస్థులకూ తెలుసు. 1983 మేలో అమెరికా కాథలిక్ బిషప్పులు ఒక సుదీర్ఘ లేఖ వెలువరించారు. పౌరులను గురిపెట్టి చంపడం ఎన్నటికీ తగదంటూనే, నిరాయుధీకరణ వైపు అడుగులు పడుతున్నంత కాలం ఆ ఆయుధాలుండటాన్ని షరతులతో ఒప్పుకున్నారు. వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. వారి జవాబుతో మాత్రం నేను ఏకీభవించలేను.

మనవాళ్ల గురించి కూడా ఒక మాట. 1998 మేలో మన దేశం, పాకిస్తాన్ ఒకరి తర్వాత ఒకరు పరీక్షలు జరిపినప్పుడు రెండువైపులా మిఠాయిలు పంచుకున్నారు. ఆ బాంబుకు 'ఇస్లామీ బాంబు' అని పేరు పెట్టి మురిసినవారూ ఉన్నారు. పసిపిల్లల్ని కాల్చే వస్తువుకు కల్మా చదివిస్తారా?

"ఏదేమైనా శాంతి నిలిచింది గదా" అనేవారికి కజకిస్తాన్‌లోని సెమిపలాతిన్స్క్ చూపించాలి. 1949 నుంచి 1989 దాకా సోవియట్ ప్రభుత్వం అక్కడ 456 పరీక్షలు జరిపింది. ఆ మైదానాల్లో పశువులు మేపుకునే కజక్ ముస్లిం కుటుంబాలు ఆ ధూళిని పీల్చాయి, ఆ నీళ్లు తాగాయి. వారి మీద ఎవరూ యుద్ధం ప్రకటించలేదు. కొరియా, వియత్నాం, అఫ్ఘానిస్తాన్ సంగతి సరేసరి. వాషింగ్టన్, మాస్కో క్షేమంగా ఉన్న మాట వాస్తవమే.

ఆ క్షేమం కూడా ఎంత సన్నటి దారానికి వేలాడిందో 1983 సెప్టెంబరు 26 అర్ధరాత్రి దాటాక తెలిసింది. మాస్కో సమీపంలోని కేంద్రంలో స్తానిస్లావ్ పెత్రోవ్ అనే లెఫ్టినెంట్ కల్నల్ డ్యూటీలో ఉన్నారు. అమెరికా నుంచి ఒక క్షిపణి బయలుదేరిందని ఉపగ్రహ వ్యవస్థ హెచ్చరించింది. కాసేపటికి మరో నాలుగన్నది. మూడు వారాల క్రితమే సోవియట్ సేనలు దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చడంతో 269 మంది చనిపోయి, రెండు దేశాల మధ్య వాతావరణం నిప్పులా ఉంది. నిజంగా దాడి చేసేవారు ఐదు క్షిపణులతో మొదలుపెట్టరని పెత్రోవ్ ఆలోచించారు. ఇది యంత్రం పొరపాటని పైవారికి చెప్పారు. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఆ యంత్రం క్షిపణి అనుకున్నదని తర్వాత తేలింది. ఆయన 2017లో మరణించారు.

మీట నొక్కే అధికారం ఆయనకు లేదు, కబురు పంపడమే ఆయన పని. కానీ ఆ కబురు ఎటు వెళుతుందో ఆయనకు తెలుసు. అణు నిరోధం అనే ఆ సిద్ధాంతం తన మనుషుల నుంచి కోరేది తడబాటు లేని విధేయత. ఆ రాత్రి ప్రపంచాన్ని కాపాడింది ఒక మనిషి తడబాటు.

ఇదంతా విన్నాక మా అబ్బాయి మళ్లీ అడిగాడు: "మరి ఒకరు ముందుగా కత్తి దించితే, రెండోవాడు పొడవడా?" కజకిస్తాన్ సంగతి చెప్పాను. సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఆ దేశం చేతిలో 1,400కు పైగా వార్‌హెడ్‌లు మిగిలాయి. 1991లో పరీక్షా కేంద్రాన్ని మూసివేసింది, 1995 నాటికి వార్‌హెడ్‌లన్నీ అప్పగించింది. ఇప్పటికీ ఉంది, క్షేమంగా ఉంది. అయితే అదే కాలంలో ఉక్రెయిన్ కూడా అప్పగించింది. దాని సరిహద్దులను గౌరవిస్తామని 1994లో సంతకం చేసిన రష్యానే 2014లో క్రిమియాను తీసుకుంది, 2022లో సైన్యాన్ని పంపింది. ఇది దాచి అది ఒక్కటే చెబితే నేను పిల్లవాణ్ణి మోసగించినట్లే. అందుకే రెండూ చెప్పాను. పాపం చేయకుండా ఉండటంలో నష్టం రాదని మన ధర్మం ఎక్కడా హామీ ఇవ్వలేదు బేటా, అన్నాను. వాడు కాసేపు తల దించుకుని కూర్చున్నాడు. తర్వాత, అయితే ఆ పెత్రోవ్‌కు పుణ్యం ఉంటుందా అని అడిగాడు. అది అల్లాహ్‌కే తెలుసన్నాను.