సంతకం వస్తే చదువు వచ్చినట్టేనా?

రామదాసు గారి బందీఖానా అనగానే మనకి కీర్తనలే గుర్తొస్తాయి. కానీ కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు, దాశరథీ శతకం రాసిన కవి. గోల్కొండ చెరలో ఉన్నాడని చెప్పుకునే ఆ పన్నెండేళ్లూ తన మీద మోపిన నేరమేంటో, ఏ ఖజానా లెక్క అడుగుతున్నారో ఆయనకి తెలుసు.

ఇవాళ జైళ్లలో చాలామందికి అది కూడా లేదు. తన ఛార్జిషీటు తాను చదవలేడు. వాయిదా ఎప్పుడో పక్కవాణ్ణి అడగాలి. తెలంగాణ జైళ్లలో ‘విద్యాదానం’ పేరుతో చదువొచ్చిన ఖైదీలే రానివాళ్లకి నేర్పే కార్యక్రమం నడిచింది. వేలిముద్ర వేసి లోపలికి వచ్చినవాడు సంతకం పెట్టి బయటికి వెళ్లాలన్నది దాని లక్ష్యం. నేరస్తుడికి దానమేంటి అనేవాళ్లుంటారు. కోర్టు తీసుకున్నది అతని స్వేచ్ఛని, అక్షరాన్ని కూడా తీసుకోమని ఏ తీర్పులోనూ ఉండదు. ఆ ప్రశ్న నాకు కష్టంగా అనిపించదు. కష్టమంతా సంతకం దగ్గరే.

చదవడం రాకుండా సంతకం ఒక్కటే వస్తే? వేలిముద్ర వేసేవాడికి కాగితం చదివి వినిపించాలని అందరికీ తెలుసు. సంతకం పెట్టాడంటే మాత్రం చదివే పెట్టాడనుకుంటారు. మనం యాప్‌లో ‘ఐ అగ్రీ’ నొక్కినట్టే (మనమూ చదవం, ఒప్పుకుందాం). కాకపోతే ఇక్కడ పోయేది భూమి. భద్రాచలం ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదు. ఆ సంగతి తెలియనివాడి చేత ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టించడం ఎంతసేపు?

‘అమ్మమ్మకి ఈ వయసులో చదువెందుకు, రామనామం చాలదా’ అంటాం. భక్తికి చాలు. స్థలపురాణంలో పోకల దమ్మక్కకి కల్లో కనిపించిన రాముడు ఆవిడ చదువు అడగలేదు. బ్యాంకువాళ్లు అడుగుతారు.

సంతకం దాటి చదవడం దాకా వెళ్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంటలో చూశాం. 1990ల మొదట్లో అక్షరాస్యత కేంద్రానికి వచ్చిన ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ కథ ఉంది, సారా వల్ల కూలిన కాపురం గురించి. ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993లో ప్రభుత్వం సారాని నిషేధించింది.

ఇప్పుడు కేంద్రం ‘ఉల్లాస్’ పథకంలో పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకి మనమూ వాలంటీర్లుగా చదువు చెప్పొచ్చు. వెళ్తే, పేరు రాయడం వచ్చిన మర్నాడు ఆ పెద్దాయన పాసుబుక్కే తెమ్మనండి. అందులో మొదటి పేజీ ఆయనే చదవాలి.