అంకెకు యజమాని యెవరు?

నిజము చెప్పవలసిన వృత్తులు లోకమున పెక్కు గలవు. సాక్షి న్యాయాధిపతి యెదుట నిజము చెప్పవలెను. వైద్యుడు రోగికిని, ఉపాధ్యాయుడు శిష్యునకును నిజము చెప్పవలెను. వీరందఱు మాటలాడునపుడు ఎదుట నొక మనుష్యుడుండును. వాని ముఖము చూచి, సిగ్గుచేతనో భయముచేతనో జాలిచేతనో, నాలుక కొంత యదుపులో నుండును. కాని యే ముఖమును చూడక, యే కంఠమును వినక, లక్షలకొలది జనుల బ్రదుకులను గూర్చి నిజము చెప్పవలసిన వృత్తి యొకటి మన కాలమున బలపడినది. అది ప్రభుత్వ గణాంకశాఖలో క్రిందిమెట్టున నుండు డేటా సైంటిస్టు వృత్తి. ఈ వృత్తికి ధర్మమేది? అతని చేతిలోని యంకెకు యజమాని యెవరు? ఈ ప్రశ్న ఉద్యోగులకు మాత్రమే సంబంధించినది కాదు. ఆ యంకెలలో నొక్కొక్కటియై యున్న మనకందఱకును సంబంధించినది. కావున దీనిని చదువరులతో గలసి విచారింప దలచితిమి.

మొదట ఆ పని యెట్టిదో తెలిసికొందము. మాయొద్ద చదువుకొన్న యువకుడొకడు ఇట్టి యుద్యోగమున క్రొత్తగా ప్రవేశించి, తాను చేయు పనిని మాకు వివరించెను. టాబ్లెట్టు చేతబట్టుకొని యింటింటికి దిరిగి ప్రశ్నలడుగువారు వేఱు. వారు తెచ్చిన యుత్తరములు వేలకొలది వరుసలై యితని కంప్యూటరునకు చేరును. ఒక వరుసలో వయస్సు లేదు. వేఱొకదానిలో రెండెకరముల రైతునకు ఇరువది యెకరములు పడినవి. సున్న యొకటి యెక్కువైనదని తోచును గాని నిశ్చయము లేదు. ఒకే కుటుంబము రెండుమార్లు కనబడును. వృత్తి యేమనగా ‘కూలి’ యని యుండును. అది పొలముకూలియో, మట్టిపనియో, మిల్లుపనియో కంప్యూటరుచేత నూహింపజేయవలెను. వయస్సులను వరుసగా పేర్చి చూచినచో ముప్పది, నలుబది, ఏబది యేండ్లవారు గుంపులుగా నుందురు. ముప్పదియొకటి, నలుబదిమూడు గలవారు పలుచగా నుందురు. పుట్టినదినము వ్రాసియుంచుకొనని యిండ్లలో వయస్సు సున్నతోనో ఐదుతోనో ముగియు అంకెకు జాఱుచుండును. వీనినన్నిటిని సరిచేసి, సర్వేలో నెంచుకొన్న ఒక్కొక్క యిల్లు ఎన్ని యిండ్లకు ప్రతినిధియో ఆ చొప్పున హెచ్చవేసి పట్టిక సిద్ధము చేయవలెను. అతడు వ్రాయు ప్రోగ్రాములోని యొక్క పంక్తి ఏలూరులోని యింటిని, ఆదిలాబాదులోని యింటిని ఒకే నిమేషమున ముట్టును. ఇదంతయు చెప్పి యతడు మమ్మడిగెను: “మాష్టారూ, నేను చేయుచున్నది దిద్దుటయా, మార్చుటయా?”

ఆ ప్రశ్న చిన్నది కాదు. ఉపాధ్యాయుడు పిల్లవాని పుస్తకములో తప్పును ఎఱ్ఱసిరాతో దిద్దును. పిల్లవాడు వ్రాసినదియు, తాను దిద్దినదియు రెండును కనబడును. పిల్లవాని వ్రాతను చెఱిపివేసి, అదే సిరాతో, అదే దస్తూరితో తన మాట వ్రాసినచో నది దిద్దుట కాదు.

పదములను విచారించినచో దారి కొంత కనబడును. ఇంగ్లీషున ‘స్టాటిస్టిక్సు’ అను మాట ‘స్టేటు’ అను మాటకు చుట్టము; పదునెనిమిదవ శతాబ్దమున జర్మనీ పండితులు రాజ్యస్థితిని వర్ణించు శాస్త్రమునకు ఆ పేరు వాడిరి. మన కౌటిల్యుని అర్థశాస్త్రమునను గోపుడను నుద్యోగి గలడు. ఐదు గ్రామములకో పది గ్రామములకో అతడు లెక్క వ్రాయును: ఇండ్లెన్ని, వానిలో స్త్రీపురుషులెందఱు, బాలవృద్ధులెందఱు, వారి పనులేవి, ఆదాయవ్యయములెంత. ఆ లెక్క నిజమగునో కాదో చూచుటకు గృహస్థుల వేషమున చారులను పంపవలెనని కూడ కౌటిల్యుడు విధించెను. ఈ దృష్టిలో అంకె రాజుది. కాని ‘సంఖ్య’ యను మాట వేఱుదారి చూపుచున్నది. అందలి ధాతువు ‘ఖ్యా’. చెప్పుట, తెలియజేయుట దాని యర్థము. ఇక ‘దత్తాంశము’ అను క్రొత్తమాటలో ‘దత్తము’ అనగా ఇయ్యబడినది. లాటినులోని ‘డేటా’కును అర్థమదియే. ఇయ్యబడిన దనగా ఇచ్చినవాడొకడుండవలెను గదా! ఆ యిచ్చినవాడు గృహస్థు. అతడు దానముగా నిచ్చెనా, నిక్షేపముగా నిచ్చెనా? మన విచారణ యంతయు ఇచ్చటనే యున్నది.

దానమిచ్చినదానిపై దాతకు హక్కు లేదు. నిక్షేపము అట్టిది కాదు. నమ్మి దాచుమని యిచ్చిన సొమ్ము నిక్షేపము. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము తరువాత రెండవది యిదియే. దాచినవాడు దానిని తనకొఱకు వాడరాదు, మార్చరాదు, అడిగినపుడు ఉన్నదున్నట్లు చూపవలెను. గృహస్థు తన వయస్సును, తన యాదాయమును, తన యింటిలో చనిపోయిన బిడ్డల లెక్కను ముక్కు మొగము తెలియనివానికి చెప్పుట ఇట్టి నమ్మికచేతనే. మన 1948వ సంవత్సరపు జనాభా లెక్కల చట్టము ఈ నమ్మికను గౌరవించినది. ఆ లెక్కలో చెప్పిన వివరములను ఇతరులు చూడరాదనియు, సాక్ష్యముగా న్యాయస్థానమున ప్రవేశపెట్టరాదనియు అది శాసించినది. ఆచారమువలన పేరు పలుకని స్త్రీని భర్త పేరు చెప్పుమని నిర్బంధింపరాదని కూడ అందు గలదు. ఇంత సుకుమారముగా పుచ్చుకొన్నదానిని కార్యాలయమున మొఱటుగా నలుపుట న్యాయమగునా?

అంకెను నలుపు చేతులు రెండు విధములు. మొదటిది అధికారభయము. సోవియట్టు రాజ్యమున 1937 జనవరిలో జనాభా లెక్క తీసిరి. సుమారు 16 కోట్ల 20 లక్షలు తేలిరి. ఏలికలు అంతకంటె మిక్కిలి యెక్కువ ఆశించియుండిరి. నడుమ 1932, 1933 సంవత్సరములలో ఘోరమైన కఱవు వచ్చి ప్రజలు నశించిన సంగతి అంకె బయటపెట్టెను. ఏలికలు లెక్క తప్పనిరి, దానిని మూలబెట్టిరి, లెక్క నడిపిన పెద్దలను బంధించిరి, కొందఱిని చంపించిరి. 1939లో మఱల లెక్క తీసి 17 కోట్లని చాటిరి. గ్రీసు దేశమున 2010లో గణాంకసంస్థకు అధిపతియైన ఆండ్రియాస్ జార్జియు, 2009వ సంవత్సరపు ప్రభుత్వలోటు జాతీయోత్పత్తిలో 15.4 శాతమని తేల్చెను. యూరోపియను గణాంకసంస్థ ఆ లెక్కను అంగీకరించెను. ఐనను స్వదేశమున అతనిపై వ్యాజ్యములు ఏండ్ల తరబడి నడచినవి. లెక్కను సంస్థ సభ్యుల వోటునకు పెట్టలేదను నేరమునకు విధించిన శిక్షను ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2018లో స్థిరపఱచెను. చేతులెత్తిన సంఖ్యనుబట్టి కూడిక మాఱునా? మన దేశముననే, నిరుద్యోగమును గూర్చిన సర్వే నివేదికను జాతీయ గణాంక సంఘము 2018 డిసెంబరులో ఆమోదించినను అది వెలువడలేదు. 2019 జనవరిలో పి. సి. మోహనన్, జె. వి. మీనాక్షి యను సభ్యులిద్దఱు పదవులు విడిచిరి. నివేదిక యా మే నెల 31వ తేదీన వెలువడెను, నిరుద్యోగము 6.1 శాతము.

“వీరందఱు పెద్దలు, మావంటి చిన్నవారి చేతిలో నేమున్నది?” అని క్రిందియుద్యోగి యనవచ్చును. మాకు దీనికి విరుద్ధముగా తోచుచున్నది. పైనున్నవాడు అంకెను దాచినచో లోకము చూచును, పత్రికలు వ్రాయును, సభ్యులు రాజీనామా లిత్తురు. క్రిందనున్నవాడు ఒక పంక్తి మార్చినచో నెవరును చూడరు. ఇరువది యెకరములను రెండుగా దిద్దుట ఒకప్పుడు న్యాయమే. కాని యా దిద్దుబాటు పేదల సంఖ్యను పెంచుచున్నదా తగ్గించుచున్నదా యని ముందుగా చూచి, పైవారికి నచ్చు ఫలము వచ్చువఱకు నియమమును మార్చుచు పోయినచో, ప్రతి మెట్టును సమర్థనీయముగానే యుండును, చివర నిలిచినది మాత్రము అబద్ధమగును. పెద్ద యబద్ధమునకు ఆజ్ఞ కావలెను. ఈ చిన్న యబద్ధమునకు అలసట చాలును.

దీనికి మందు భారతారణ్యపర్వమున నలుని కథలో గలదు. ఋతుపర్ణమహారాజు విదర్భకు తొందరగా పోవుచు, దారిలో నొక తాండ్రచెట్టును చూచి, దాని రెండు కొమ్మలలో ఐదుకోట్ల యాకులును 2095 పండ్లును గలవని చెప్పెను. బాహుకవేషమున సారథియైయున్న నలుడు రథమాపెను. “తమరు చెప్పినది కంటికి కనబడునది కాదు; చెట్టు కొట్టి లెక్కింతును” అనెను. రాజునకు గడియ గడియ విలువగలది. ఐనను సారథి పట్టు విడువలేదు. లెక్కింపగా పండ్లు రాజు చెప్పినన్నియే యుండెను. రాజు చెప్పినది నిజమే యయ్యెను. మఱి సారథి చేసినది వ్యర్థమా? కాదు. పరీక్షకు నిలిచినపిదపనే అది విద్య యని సారథి తెలిసికొనెను, రాజు నేర్పెను. ప్రశాంత చంద్ర మహలనోబిసు 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించి, సర్వేలలో నొకే ప్రాంతమున రెండు బృందములు వేర్వేఱుగా నమూనాలు తీసి యొకదాని నింకొకటి సరిచూచు పద్ధతిని నడపినప్పుడు, ఈ నలుని పట్టే శాస్త్రమైనది. కావున దిద్దుటకును మార్చుటకును భేద మిది యని మా యభిప్రాయము: నియమమును ఫలము చూడకమునుపే వ్రాసియుంచవలెను; మొదటి యుత్తరమును చెఱపక దాచవలెను; దిద్దిన ప్రతిచోట దిద్దితినని గుర్తు పెట్టవలెను; రేపు మఱియొకడు వచ్చి చెట్టు దిగి లెక్కింతుననినచో తలుపు తీయవలెను. ఇవి చేయుటకు పెద్దపదవి యక్కఱలేదు.

అంకెను నలుపు రెండవ చేయి జాలి. ఇది మొదటిదానికంటె మృదువైనది, కావున మఱింత జాగ్రత్త వలయును. శ్రామికుల సర్వేలో 92 అను సంకేతసంఖ్య గలదు. ఇంటిపని మాత్రమే చేయువారి కది గుర్తు. ఆ గుర్తు పడినవారు శ్రామికుల లెక్కలోనికి రారు. తెల్లవాఱుజామున లేచి, నీరు తెచ్చి, వండి, వడ్డించి, ముసలివారిని పసివారిని సాకిన స్త్రీలు లక్షలకొలది యా సంకేతము క్రింద నుండుట చూచి, “ఇది యన్యాయము, కొంత సవరింతును” అని సంస్కారముగల యువకునకు తోచవచ్చును. మన పత్రిక చదువువారిలో ననేకులు అతనిని మెచ్చుకొందురు కూడ. మేము మెచ్చుకొనజాలము. జాలిచేత మార్చిన యంకెకును, భయముచేత మార్చిన యంకెకును నిక్షేపము పోయినవాని కంటికి భేదమేమి? మంచికొఱకు ఒకమాఱు తెఱచిన పెట్టెను చెడుకొఱకు తెఱచువానికి మన మేమి చెప్పగలము?

అట్లని యన్యాయమును సహించి కూర్చుండవలెనా? అక్కఱలేదు. ప్రశ్న తప్పైనపుడు ఉత్తరమును మార్చరాదు, ప్రశ్నను మార్చవలెను. 2019లో జాతీయ గణాంక కార్యాలయము దేశమంతట కాలవినియోగ సర్వే చేసెను. ఎవరెవరు దినమున నేయే పనులకు ఎన్ని నిమిషములు వెచ్చింతురని అడిగెను. ఇంటివారికొఱకు జీతములేని యింటిపనులు చేసినవారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలెను. అట్టి పని చేయు పురుషులే తక్కువయని కూడ తేలెను. దొంగతనముగా నొక పట్టికను దిద్దియుండినచో ఈ మాట యింత గట్టిగా నిలిచెడిది కాదు. బహిరంగముగా నొక క్రొత్త ప్రశ్న వేసినందున నిలిచినది.

అప్రియమైన సత్యమును పలుకరాదని స్మృతులయందు గలదు గదా యని కొందఱు పండితమిత్రులు మాతో ననిరి. అది యింటిలో, సభలో, ఒకరి మనస్సు నొకరు నొప్పింపకుండుటకు చెప్పిన మర్యాద. కఱవులో చచ్చినవారి లెక్కకు మర్యాద వర్తింపదు. ఐనను సత్యము చెప్పువానికి వినయము వలయును. తెలుగు కుటుంబమున 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, మహలనోబిసు సంస్థలో చేరి, 2023లో నూటరెండేండ్ల వయస్సున గతించిన సి. ఆర్. రావుగారు 1945లో నొక సిద్ధాంతము నిరూపించిరి. దాని తాత్పర్యమును స్థూలముగా చెప్పినచో, చేతనున్న సమాచారముకంటె మించి కచ్చితముగా నంచనా కట్టుట, పక్షపాతము లేని యే పద్ధతికిని సాధ్యము కాదు. దోషమునకు దాటరాని హద్దు గలదు. తన తెలివికి హద్దెచ్చటనో చెప్పని యంకె గర్వి. గణకుడు ‘ఇంత’ యని చెప్పుచోట ‘ఇంతవఱకు తప్పవచ్చును’ అని కూడ చెప్పుట ధర్మములోని భాగమే.

ఇక గృహస్థులమైన మనమాట. నిక్షేపము మార్చరాదనుటకు ముందు, పెట్టినది నిజమైనదిగా నుండవలెను. గేదెలను మేపి, పాలు పితికి, కేంద్రమునకు పోసి వచ్చు భార్యను గూర్చి “ఆమె యేమి చేయును?” అని యడిగినచో, అరుగుపై కూర్చున్న భర్త “ఏమీ లేదు, ఇంటిలోనే యుండును” అనుట మన గ్రామములలో వాడుక. ఆ పాలు అమ్ముడగుచున్నచో ఆమె కుటుంబవృత్తిలో సహాయురాలు. సర్వే నియమము ప్రకారమే ఆమె శ్రామికురాలు. ఆ యొక్క మాటతో భర్త ఆమెను 92 లోనికి త్రోసివేసెను. దూరమున కూర్చున్న యువకునకు ఆమె ముఖము కనబడదు. దిద్దుటకు అధికారము లేదు. అతని సత్యసంధత యంతయు ఈ యబద్ధమును భద్రముగా కాపాడుటకే పనికివచ్చును. 2021లో జరుగవలసి నిలిచిపోయిన జనాభా లెక్కకు 2027 మార్చి 1వ తేదీ యాధారదినమని 2025 జూనులో ప్రభుత్వము ప్రకటించెను. లెక్కవారు మన గుమ్మము నెక్కినపుడు ఇంటి యజమాని యొక్కడే యుత్తర మీయవలెనను నియమ మేదియు లేదు. ఆమెనే పిలిచి, ఆమె పనిని ఆమెనే చెప్పనిండు.