అది విసిగేలోపే ఆపేద్దాం

ఎదిగే వయసు కుక్కను దువ్వబోతే గెంతుతుంది, బ్రష్‌నే కొరుకుతుంది. అది పొగరు కాదు, ఆ స్పర్శ దానికింకా అలవాటు కాలేదంతే. పట్టి అదిమితే బెదురు ముదురుతుంది.

కాసేపు తిప్పి, అలుపు తీరాక కూర్చోబెట్టండి. బ్రష్‌ను వాసన చూడనిచ్చి, వెంటనే ఎముక లేని ఉడికిన చికెన్ ముక్క పెట్టండి. భుజం మీద రెండుసార్లు దువ్వి, మళ్లీ ఓ ముక్క. పాదాలు, తోక, పొట్ట సున్నితం. వాటి జోలికి తొందరపడి వెళ్లొద్దు.

తిండి ముందు లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకున్నా ఆవులించడం, తల తిప్పేసుకోవడం... ఇవన్నీ చాలావరకు ‘ఇక చాలు’ అని చెప్పడమే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఈ మాట వినడం. గుర్రుమనే దాకా తెచ్చుకోకూడదు.

ఉన్నట్టుండి ఒకచోట ముట్టుకోనివ్వకపోతే అక్కడ పిడుదో పుండో ఉండొచ్చు. పశువైద్యుడికి తప్పక చూపించండి.