తొట్టి మనది, గాలి ఎవరిది?

శాండీఫోర్డులో మా ఇంటి వెనుక రెండు పెద్ద తొట్లలో బంగాళాదుంపలు వేశాము. మొక్కలు పెరిగేకొద్దీ మొదళ్లకు మట్టి ఎగదోశాము. జులైలో ఆకులమీద గోధుమరంగు మచ్చలు, అడుగున తెల్లని బూజు కనిపించాయి. 1845లో మొదలై ఈ దేశంలో సుమారు పదిలక్షలమందిని పొట్టన పెట్టుకున్న కరువుకు నాంది పలికిన బ్లైట్ తెగులే అది.

దుంప ఇంకా ఊరలేదు. కోసేయడమా, ఉంచడమా? తొట్టి మాదే, తెగులు బీజాలు మాత్రం గాలిలో పొరుగు పెరళ్లకూ పోతాయి. ఎక్కడినుంచో వచ్చినదాన్ని మేమొక్కరం ఆపగలమా అన్న సందేహమూ కలిగింది. కాని అంటువ్యాధి సోకిన రోగి ఇదే మాటంటే వైద్యులుగా మేము ఒప్పుకుంటామా?

ఆ సాయంత్రమే మొక్కలు కోసి, సంచిలో మూటగట్టాము. దక్కినవి గోళీలంత దుంపలు, ఒక్కపూట వేపుడుకు. పొరుగువారికి చెప్పలేదు, చెప్పవలసినంత ఘనకార్యమూ కాదు.