మారు దారి, మారని మాట

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 9:15-23, యిర్మీయా 35, 2 కొరింథీ 1:15 – 2:4

ప్రయాణ సంకల్పము మార్చుకొనువాడు మాట తప్పినవాడగునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కొరింథు సంఘములో కొందరు అపొస్తలుడైన పౌలును గూర్చి వేసిన ప్రశ్న ఇదియే. మన కాలములో ఈ ప్రశ్నను నెలనెలా ఎదుర్కొనుచు జీవించువారు దూరదేశములో ఉన్నారు. వారి జీవితమును కొంచెము నిదానించి చూచినయెడల మన జీవితమునకును వెలుగు కలుగును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇల్లు అమ్మివేసియో, అద్దె యిల్లు విడిచిపెట్టియో, మోటారు హోమ్ అను ఇంటిబండిలో సంవత్సరము పొడుగున కాపురము చేయువారు అనేకులు కలరు. ఈ బండి చిన్నదైనచో ఇంచుమించు 20 అడుగులు, పెద్దదైనచో 45 అడుగుల వరకు పొడవుండును. పడక, పొయ్యి, స్నానపు గది, మంచినీటి తొట్టి, మురుగునీటి తొట్టి అన్నియు అందులోనే అమరియుండును. చలికాలము దక్షిణమునకు దిగుట, ఎండాకాలము ఉత్తరమునకు ఎక్కుట వీరి వాడుక. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరు కలదు. రెండుమూడు వేల జనమునకు మించని ఆ ఊరి చుట్టు జనవరి నెలలో వేలకొలది బండ్లు దిగి ఒక మహా దండువలె కనబడును. ఆ ప్రాంతపు ప్రభుత్వ భూములలో సాధారణముగా 28 దినములలో 14 దినములకు మించి ఒకచోట నిలువరాదు. దీర్ఘకాలపు విడిదికై ప్రత్యేకించిన స్థలములలో మాత్రము రుసుము చెల్లించి సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు ఉండవచ్చును.

ఇట్టివారిని “వచ్చే నెల ఎక్కడ ఉందురు?” అని అడిగినచో నవ్వుదురు. తమ ప్రయాణపు పట్టీ సముద్రపుటొడ్డున ఇసుకలో వ్రాసినదనియు, అల వచ్చువరకే అది నిలుచుననియు హాస్యమాడుట వారిలో కలదు. ఇది సోమరితనము కాదు. వయోమింగ్ రాష్ట్రపు రాజమార్గముమీద ఎత్తైన బండ్లను పడద్రోయునంతటి గాలి వీచును. అట్టి దినములలో అధికారులే అటువంటి బండ్లను ఆపివేయుదురు. కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగము సముద్రమట్టమునకు 11,000 అడుగులకు పైగా నున్నది. ఊరిలో ఎండ కాయుచున్నను అచ్చట మంచు కురియుచుండవచ్చును. వేసవిలో అడవులు కాలి పొగ క్రమ్మును. ఇంజనులోని చిన్న భాగము విరిగిన, క్రొత్తది వచ్చువరకు కొన్ని వారములు మరమ్మతు కొట్టు ముందర కూర్చుండవలసి వచ్చును. అందుచేత అనుభవశాలులలో కొందరు దినమునకు 300 మైళ్లు మించకుండ, మధ్యాహ్నము 3 గంటలలోపుగా విడిది చేరి, 3 రాత్రులైన అక్కడ నిలుచుట అను నియమము పెట్టుకొందురు. ఫలాని తేదీకి చేరి తీరవలెనని పట్టుపట్టినవాడే పెనుగాలిలోను మంచులోను బండి తోలును. కాబట్టి సంకల్పమును వదులుగా పట్టుకొనుట అక్కడ వివేకమే గాని చపలత్వము కాదు.

లేఖనములును ఇట్టి వదులును నిందించుటలేదు. ఇశ్రాయేలీయులు అరణ్యములో తాము గీసికొన్న పటమునుబట్టి నడువలేదు. మందిరముమీద మేఘము నిలిచినంతకాలము నిలిచిరి, లేచినప్పుడు లేచిరి. ఒకప్పుడు రెండు దినములు, ఒకప్పుడు నెల, ఒకప్పుడు ఏడాది. రేపు ఫలాని పట్టణమునకు పోయి, ఏడాది వ్యాపారము చేసి, లాభము సంపాదింతుమని లెక్కవేయువారితో యాకోబు, రేపేమి సంభవించునో మీకు తెలియదు గదా అను భావముతో మాటలాడెను. రేపటి దినము మన సొత్తు కాదని అంగీకరించుట వినయము.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. ప్రతి సుగుణము ప్రక్కను దాని వేషము ధరించిన దుర్గుణమొకటి నడచుచుండును. పొదుపు ప్రక్కను పిసినిగొట్టుతనము, ధైర్యము ప్రక్కను మొండితనము ఉన్నట్లే, వదులైన సంకల్పము ప్రక్కను నిలుకడలేమి నడచును. బండివారి జీవితములోనే దీనిని చూడవచ్చును. ప్రభుత్వ విడిది స్థలములలో అనేకములకు ఆరు నెలలు ముందుగానే చోటు కేటాయించుకొనవచ్చును. ఒకడు ముందు జాగ్రత్తకై చోటు పట్టి పెట్టి, తరువాత మనసు మారి, చెప్పకయే రాకుండును. ఆ చోటు ఖాళీగా పడియుండగా, పిల్లలతో వచ్చిన మరియొక కుటుంబము చోటు లేదని వినుకొని చీకటిలో ముందుకు సాగిపోవును. పండుగకు వచ్చెదమని మనుమలకు చెప్పి, సముద్రతీరము బాగున్నదని మరి రెండు వారములు అక్కడనే ఉండిపోవు తాతగారు కలరు. ప్రక్క బండివానితో చిన్న తగవు రాగానే సమాధానపడుటకు బదులు చక్రములు త్రిప్పుకొని పోవువారును కలరు. ఇంటికి చక్రములున్నచో కష్టమైన ప్రతి సంభాషణనుండి తొలగిపోవుట బహు సులభము.

వీరందరు చెప్పు మాట ఒక్కటే: “మా ప్రయాణములు మారుచుండును, ఏమి చేయుదుము?” మంచు తుపానుకు ఆగినవాడును ఈ మాటయే చెప్పును, మనసు మారి రానివాడును ఈ మాటయే చెప్పును. ఈ ఇద్దరిని వేరుపరచునది ఏమి?

ఇక్కడ పౌలు మనకు సహాయము చేయును. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఆయన తాను మాసిదోనియ మీదుగా వత్తుననియు, బహుశా చలికాలము వారియొద్దనే గడుపుదుననియు తెలిపెను. రెండవ పత్రికను చూచినచో, ముందు కొరింథుకు వచ్చి, అటనుండి మాసిదోనియకు పోయి, మరల కొరింథుకు రావలెనని ఇంకొక విధముగా ఉద్దేశించినట్లును, అదియు జరుగనట్లును కనబడుచున్నది. వెంటనే కొందరు, ఈయన అవునన్నను కాదన్నను ఒక్కటే అని ఆక్షేపించినట్లున్నది. పౌలు చెప్పిన సమాధానమును గమనింపుడు. దారులు బాగులేవనికాని, నా యిష్టమనికాని ఆయన చెప్పలేదు. తాను రాకపోయినది వారిని నొప్పింపకుండుటకే అనెను. రాకకు బదులుగా కన్నీటితో ఒక పత్రిక వ్రాసి పంపెను. అనగా మార్పు ఆయన సుఖముకొరకు కాదు, వారి మేలుకొరకు. మార్చుకొని ఊరకుండలేదు, కారణము తెలిపెను.

మూడవ సంగతియు కలదు. యెరూషలేములోని బీదలకొరకు చందా కూర్చి అందజేయుదునని పౌలు పూనుకొనియుండెను. ఆ ధనముతో బయలుదేరునప్పుడు ఓడయెక్కి సిరియకు పోవలెననుకొనెను. తనమీద కుట్ర జరుగుచున్నదని తెలిసి మరల మాసిదోనియ మీదుగానే తిరిగిపోయెనని అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో చదువుచున్నాము. దారి మారినది, ఓడ మారినది, నెల మారినది. బీదల చందా మాత్రము యెరూషలేమునకు చేరినది.

ఇందునుబట్టి ఒక భేదము స్పష్టమగుచున్నది. సంకల్పము వేరు, వాగ్దానము వేరు. నేను ఏ దారిన, ఏ దినమున, ఎంత వేగముగా పోవలెనను ఏర్పాటు సంకల్పము. దానిని నేను ఎన్ని పర్యాయములైన మార్చుకొనవచ్చును, ఏలయనగా దానిపై ఆనుకొనియున్నవాడను నేనే. నా మాటమీద మరియొకడు తన భారము ఆనించిన క్షణమున అది వాగ్దానమగును. అప్పుడు దానిని నేనొక్కడనే మార్చుకొనుటకు వీలులేదు. మార్చవలసివచ్చిన వానికి ముందుగా తెలుపవలెను, నష్టము కలిగినచో పంచుకొనవలెను, వాగ్దానముయొక్క సారమును వేరొక దారినైనను నెరవేర్చవలెను. అడుగవలసిన ప్రశ్న “నేను మార్చుకొనవచ్చునా?” అనునది కాదు; “నా మాటమీద ఎవరు ఆనుకొనియున్నారు?” అనునదే.

రేకాబీయులు దీనికి చక్కని సాక్షులు. వారు ఇండ్లు కట్టక, విత్తనములు విత్తక, గుడారములలో నివసించుచు, ద్రాక్షారసము త్రాగక యుండవలెనని తమ పితరుని ఆజ్ఞ. కల్దీయుల సేన దేశముమీదికి వచ్చినప్పుడు వారు భయపడి యెరూషలేము పట్టణములో చొరబడిరి. బయట గుడారములలో ఉండువారు ప్రాకారముల లోపల చేరుటకంటె పెద్ద మార్పు ఏమి కావలెను? అయినను యిర్మీయా వారియెదుట ద్రాక్షారసపు గిన్నెలు పెట్టినప్పుడు వారు త్రాగమనిరి. చోటు మారినది గాని మాట మారలేదు. ఇండ్లలో స్థిరముగా నివసించిన యూదావారు మాట తప్పగా, స్థిరమైన చోటు లేనివారు మాట నిలుపుకొనిరని ప్రవక్త చూపించెను. నిలుకడ పునాదిరాళ్లలో ఉండదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును: “వదులైన ప్రయాణములు కొందరికి విలాసమైనచో, మరికొందరికి గతిలేక వచ్చినవి గదా?” నిజమే. 2008వ సంవత్సరపు ఆర్థిక సంక్షోభము తరువాత ఇండ్లు పోగొట్టుకొని బండ్లపాలైన వృద్ధుల సంగతిని జెస్సికా బ్రూడర్ అను రచయిత్రి 2017లో “నోమాడ్‌లాండ్” అను గ్రంథములో వివరించెను. అక్టోబరులో మిన్నెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రములలో చక్కెర దుంపల కోతకాలపు పనికి, వేసవిలో విడిది స్థలముల కాపలాకు పోవువారు అట్టివారిలో కలరు. పని ఎక్కడ పిలిచిన అక్కడికి వారి దారి. అట్టివానిని చపలుడని పిలుచుట అన్యాయము. బలవంతుడు తన యిష్టమునుబట్టి మార్చుకొను దినమునకును, బీదవాడు ఇతరుల యిష్టమునుబట్టి మార్చుకొనవలసిన దినమునకును ఒకే తీర్పు తీర్చరాదు. తీర్పు తీర్చుటకు ముందు, ఈ మార్పు ఎవరు చేసినది, ఎవరు మోసినది అని విచారింపవలెను.

వదులైన సంకల్పము తన శ్రేష్ఠమైన ఫలము ఎప్పుడు ఫలించునో సంఖ్యాకాండము 12వ అధ్యాయములో చూడగలము. మిర్యాము కుష్ఠరోగముచేత ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలసి వచ్చెను. ఆమె తప్పు చేసినదే. అయినను ఆమె మరల చేర్చబడువరకు జనులు ప్రయాణమై సాగలేదు. అంత గొప్ప సమూహము ఒక్క స్త్రీకొరకు ఏడు దినములు ఆగెను. తేదీకి బానిసయైన జనము ఇట్లు ఆగనేరదు.

బండివారిలోను ఇట్టిది కలదు. జో, కే పీటర్సన్ అను దంపతులు 1978లో ఎస్కేపీస్ అను సంఘమును స్థాపించిరి. స్థిరమైన చిరునామా లేని సభ్యులకు ఉత్తరములు అందజేయు ఏర్పాటు దాని ప్రసిద్ధమైన సేవ. వృద్ధాప్యముచేతను రోగముచేతను ఇక బండి తోలలేని సభ్యులు తమ బండ్లలోనే ఉండి సంరక్షణ పొందుటకు టెక్సాస్ రాష్ట్రమునందలి లివింగ్‌స్టన్‌లో ఒక స్థలమును కూడ ఆ సంఘమువారు ఏర్పరచిరి. తిరుగుటయే జీవితముగా గలవారు తిరుగలేనివానిని త్రోవలో విడిచిపెట్టకుండుటకు చేసిన ఏర్పాటిది. అందరును కదలుచుండిన ఎవరికిని ఆదరువుండదు. ఎవరో ఒకరు నిలిచియుండుటచేతనే తక్కినవారు కదలగలుగుచున్నారు. మన స్వేచ్ఛ వెనుక నిలిచియున్నవారెవరో మనము ఎరిగియుండవలెను. ముసలితల్లిని కనిపెట్టుకొని ఊరిలోనే ఉండిపోయిన అక్క ఉండబట్టియే తమ్ముడు దేశములు తిరుగుచున్నాడు.

ప్రియ చదువరులారా, మనలో ఇంటిబండి గలవారు లేకపోవచ్చును. కాని “ప్రభువు చిత్తమైతే వత్తును” అని ఉత్తరములలో వ్రాయనివారు, కూటములలో చెప్పనివారు మనలో ఎవరు? అది చక్కని మాటయే. రేపు మనది కాదని ఒప్పుకొనుటకు ఏర్పడిన మాటను, రేపు రాకపోయినను అడుగవద్దని చెప్పుటకు వాడుకొనుట మాత్రము చక్కనిది కాదు. మేఘము పాళెమంతటికి కనబడునట్లు లేచెను. ఒకని మనసులో పుట్టిన విసుగును మేఘమని పిలుచుటకు వీలులేదు. రోగిని చూడ వత్తునన్నవాడు, సండేస్కూలు పిల్లలకు పాఠము చెప్పుదునన్నవాడు, అప్పు తీర్చెదనన్నవాడు ప్రభువు చిత్తమును ముందు పెట్టుకొని తన చిత్తమును నెరవేర్చుకొన్న, ఆ పరిశుద్ధమైన మాట అవతలివాని చెవికి ఒక సాకుగా వినబడును. ఆ తరువాత నిజముగా ప్రభువు చిత్తమునుబట్టియే ఆగినవానిని కూడ ఎవరును నమ్మరు.

కాబట్టి మన సంకల్పములను వదులుగాను, మన వాగ్దానములను గట్టిగాను పట్టుకొందము. వాగ్దానములు కొద్దిగా చేయుదము. చేసినవానిని వ్రాసి పెట్టుకొందము. దారి మారినప్పుడు ఎదురుచూచువానికి ఆ దినమే తెలియజేయుదము. మనకొరకు దీపము వెలిగించుకొని వాకిట కూర్చున్నవానికి, మన దారి ఎందుకు మారినదో గాలి చెప్పదు, మంచు చెప్పదు, మనమే చెప్పవలెను.