చూచినవాడి బాధ్యత

అబద్ధమాడటం తప్పని మన నీతిశాస్త్రాలన్నీ చెబుతూనే వున్నాయి. తెలిసిన ప్రమాదాన్ని చెప్పకుండా వూరుకోవడం తప్పా, కాదా? యీ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామందిమి తప్పించుకుపోతాం. నాకిది గ్రంథాలలో యెదురైన ప్రశ్న కాదు. మా పేట నాలుగురోడ్ల కూడలిలో యెదురైన ప్రశ్న.

కిందటి వర్షాకాలంలో ఆ కూడలిలో వొకవైపు యెర్రదీపం ఆరిపోయింది. తక్కిన దీపాలు యథాప్రకారం వెలుగుతూనే వున్నాయి. అసలు ప్రమాదం అక్కడే వుంది. అన్నీ ఆరిపోతే అందరూ జాగ్రత్తపడతారు. వొక్కటే ఆరినప్పుడు, పచ్చదీపం చూచి బయలుదేరినవాడు పక్కదారినుంచి వచ్చేవాడు ఆగుతాడనే నమ్మకంతో పోతాడు. ఆగవలసినవాడికి ఆగమని చెప్పే దీపం లేదు. రోజూ ఆ దారినే పోయే నేను యిది చూచాను. పన్నెండు రోజులు చూచాను. పదమూడోనాడు, సైకిలు మీద బడికి పోతున్న పిల్లవాణ్ణి వొక వ్యాను కొట్టింది. ప్రాణం దక్కింది గాని కాలు విరిగింది.

ఆ సాయంత్రం అర్జీ రాయడానికి కూర్చున్నాను. పన్నెండు రోజులూ యెందుకు రాయలేదని నన్ను నేను నిలదీసుకుంటే మూడు జవాబులు దొరికాయి: యెవరో వొకరు చెప్పేవుంటారు, అది చూచుకోవడానికి జీతాలు తీసుకునేవాళ్లున్నారు, చెప్పినా జరిగేదేమీ లేదు.

మొదటి జవాబు యెంత బోలుదో మర్నాడు కార్యాలయంలో తెలిసింది. ఆ పన్నెండు రోజులలో వొక్క ఫిర్యాదైనా అందలేదు. అందరూ అందరిమీదా భారం వేసి నిశ్చింతగా వున్నారన్నమాట.

రెండో జవాబులో సగం నిజం వుంది. స్తంభాలను తనిఖీ చేసే బాధ్యత ప్రభుత్వానిదే. పౌరులను జీతంలేని తనిఖీదారులుగా మార్చి, "మాకెవరూ చెప్పలేదు" అని చేతులు దులుపుకునే పద్ధతిని మనం అంగీకరించరాదు. ఐతే పరుల కర్తవ్యలోపం మన మౌనానికి సమర్థన కాజాలదు.

మూడోది నిరాశ వేసుకున్న సోమరితనపు ముసుగు. మోటారు వాహనాల చట్టంలో 2019లో 198-ఎ అనే సెక్షను చేర్చారు. రోడ్డు భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో అంగవైకల్యమో సంభవిస్తే, బాధ్యులైన అధికారవర్గానికీ కంట్రాక్టరుకూ లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ సందర్భంలో న్యాయస్థానం విచారించవలసిన విషయాలలో వొకటి: ఆ ప్రమాదస్థితి వారికి తెలుసునా, తెలిసివుండవలసిందా? కాబట్టి మనం రాసే అర్జీ యాచన కాదు. "మాకు తెలియదు" అన్న మాటకు తావు లేకుండా చేసే సాక్ష్యం.

యింతవరకూ నా తప్పే. యిక యింతకన్నా లోతైన విషయం వుంది. స్తంభం వివరాలు రాసుకుందామని కూడలికి వెళ్లినప్పుడు, దాని పక్కనే జామకాయల బండి పెట్టుకునే ముసలామె అంతా చెప్పింది. దీపం ఫలానా సాయంత్రం వాన వెలిశాక ఆరిందనీ, అంతకు రెండురోజుల ముందునుంచీ మినుకుమినుకుమంటున్నదనీ ఆమెకు తెలుసు.

"యిన్ని తెలిసి యెవరికైనా చెప్పలేకపోయావా అమ్మా?" అన్నాను.

"చెప్పబోతే, అసలు నువ్విక్కడ బండి యెందుకు పెట్టావంటారు బాబూ" అన్నది.

వీధి వ్యాపారుల జీవనోపాధికి రక్షణగా 2014లోనే చట్టం వచ్చింది. ఆమె భయం మాత్రం పోలేదు. ఆమె మౌనమూ నా మౌనమూ వొకటేనా? కానేకాదు. నోరు విప్పితే ఆమెకు పోయేది కూడు. నాకు పోయేది వొక అరగంట. మౌనాన్ని తూచే తక్కెడలో నోరు విప్పడానికి అయ్యే ఖర్చు కూడా వేయాలి. నష్టం లేకుండా చెప్పగలిగినవాడి మౌనమే బరువైన నేరం.

ప్రమాదాన్ని ముందుగా యెరిగేదీ, ముందుగా దెబ్బతినేదీ దాని దగ్గర నిలబడ్డ మనిషే. 1868 డిసెంబరులో లండనులో, పార్లమెంటు భవనం దగ్గర, గ్యాసుదీపాలతో తొలి సిగ్నల్ స్తంభం నెలకొల్పారు. పోలీసు జవాను దాన్ని చేత్తో తిప్పేవాడు. నెలైనా తిరగకముందే, 1869 జనవరిలో, గ్యాసు కారి అది పేలింది. గాయపడింది ఆ జవానే. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోగా, వారిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రోడ్డు రవాణాశాఖ లెక్క. యెర్రదీపం ముందు మోటారుకారూ తోపుడుబండీ సమానమే. ఆ దీపం ఆరినచోట పెద్దబండి చెప్పిందే చట్టం.

రోడ్డు గుర్తుల సంగతీ అంతే. త్రికోణమైతే హెచ్చరిక, యెర్రని చుట్టుగీత వుంటే నిషేధం. అక్షరం రానివారికి కూడా అర్థం కావాలని చేసిన లిపి అది. మా బడి ముందున్న గుర్తును వేపకొమ్మ సగమూ, యెవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ సగమూ కప్పేశాయి. చదువుకున్న మేమంతా దాని కిందనుంచే రోజూ నడిచాం.

నలభైమంది సంతకాలతో అర్జీ యిచ్చాం. ముసలామె చెప్పిన వివరాలన్నీ అందులో రాశాం. ఆమె కోరిక ప్రకారం పేరు మాత్రం రాయలేదు. వారంలోగా దీపం వెలిగింది, ఫ్లెక్సీ తొలగింది. వేపకొమ్మ యింకా అలాగే వుంది. దానికోసం రెండో అర్జీ రాస్తున్నాం. అందులో వొక కోరిక అదనంగా చేర్చాను: ఫిర్యాదు చెప్పవచ్చినవారిని, ముందు ఫిర్యాదు సంగతి తప్ప మరేమీ అడగరాదు. ఆ కోరిక నెరవేరిననాడు యీ అర్జీల మీద మొదటి సంతకమో, వేలిముద్రో ఆమెదే కావాలి. అందరికంటె ముందు చూచింది ఆమె.