ఒక వోల్టంటే ఎంత?

ఆ మధ్య ఓ శనివారం మా అబ్బాయి రెండు పెట్టెలు మోసుకొచ్చాడు. పెళ్లయి ఎనిమిది నెలలైంది కదా, ఇల్లు దిద్దుకునే సామానేదో అయివుంటుందని నేను మురిసిపోయాను. తీరా మూత తీస్తే మీటలు, బొడిపెలు, వరసగా రంధ్రాలు. పక్కన ఓ సంచి నిండా రంగురంగుల తీగలు.

"ఇదేమిట్రా, పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీ వేలంలో కొనుక్కొచ్చావా?" అన్నాను.

"సంగీతం అమ్మా" అన్నాడు.

మాడ్యులర్ సింథసైజర్ అంటారట. అందులో ఒక అర నాదాన్ని పుట్టిస్తుంది. ఇంకో అర దాన్ని నునుపు చేస్తుంది. మరొకటి హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. దేన్ని దేనికి తగిలించాలన్నది వాయించేవాడి ఇష్టం. తీగలో సన్నగా పారే విద్యుత్తే ఇక్కడ దూత. వోల్టు పెరిగితే స్వరం పైకి వెళుతుంది, తగ్గితే దిగుతుంది. అంతే! మన గోడగడియారంలో వేసే బ్యాటరీ ఒకటిన్నర వోల్టు. అలాంటి నాలుగైదు బ్యాటరీలపాటి శక్తితో మంద్రం నించి తారం దాకా ఆజ్ఞాపించవచ్చునన్నమాట.

రెండు పెట్టెల్లో ఒకటి ఈనాటిది. 1995లో జర్మనీలో డోప్ఫర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతిలో చేసినది. రెండోది జపాను వారి కోర్గ్ ఎమ్మెస్-20. 1978లో మొదట వచ్చిన నమూనా. ఒకే మెట్లపలకతో రెండింటినీ పాడిద్దామని మావాడు తీగ కలిపాడు. మొదటి షడ్జం నొక్కాడు. రెండూ కలిసి పలికాయి. పై షడ్జం నొక్కాడు. అదీ కలిసింది. నాకు సంతోషమైంది. మూడో షడ్జం నొక్కితే కొత్త పెట్టె సరిగానే పలికింది, జపాను పెట్టె మాత్రం పంచమం పాడింది! నాలుగోసారి నొక్కితే మొదటిది మూడు స్థాయిలు ఎక్కేసింది, రెండోది రెండు స్థాయిల దగ్గరే ఆయాసపడుతోంది. పోనీ మొదటి స్థాయిలోనైనా కలిసున్నాయా అంటే, రెండు చివరలే కలిశాయి. మధ్యలో పంచమం నొక్కితే ఆవిడ ఇంచుమించు శుద్ధ ధైవతం అంటుంది. (ఈ పెట్టెను నేను అప్పటికే ఆవిడ అనడం మొదలుపెట్టాను. ఎందుకో మీకు తర్వాత తెలుస్తుంది.)

"పాతది కదా, పాడైపోయి ఉంటుంది" అన్నాను.

"లేదమ్మా. రెండూ బాగానే ఉన్నాయి. లెక్కలు వేరు."

రెండూ బాగానే ఉన్నాయి, లెక్కలు వేరు! ఈ మాట నా చిన్నతనంలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

లెక్క ఏమిటంటే, మొదటి పెట్టెకి ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మెట్లు ఎక్కుతుంది. రెండోదానికి వోల్టు రెట్టింపైతేనే ఒక స్థాయి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. మొదటి రెండంకెలూ ఒకటే కావడంతో మనం మోసపోతాం. కొత్తగా పెళ్లైన ఇళ్లల్లో మొదటి పదిహేను రోజులూ ఇలాగే ఉంటుంది.

ఎందుకిలా రెండు లెక్కలు పెట్టారు, అందరూ కూర్చుని ఒకటనుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అమెరికాలో 1960ల మొదట్లో దాదాపు ఒకే కాలంలో ఇద్దరు ఈ యంత్రాలు కట్టారు. తూర్పున న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో రాబర్ట్ మోగ్. పేరు మోగ్, చేసింది మోగే యంత్రం. ఇంత సార్థకనామధేయం మన భాషలో తప్ప మరెక్కడా కుదరదు. పడమట కాలిఫోర్నియాలో డాన్ బుక్లా. మోగ్ గారు ఒక వోల్టుకి ఒక స్థాయి అన్నారు. శ్రుతి మార్చాలంటే ఇంత కలిపితే చాలు, పాట మొత్తం అలాగే పైకి జరుగుతుంది. బుక్లా గారి 200 శ్రేణిలో స్థాయికి 1.2 వోల్టులు. స్థాయిలో అర్ధస్వరాలు పన్నెండు కనుక ఒక్కోదానికి చక్కగా పదోవంతు వోల్టు. ఇదీ ముచ్చటైన లెక్కే. కాని మోగ్ గారి లెక్కలో పై షడ్జం పంపితే బుక్లా గారి పెట్టె కైశికి నిషాదం దగ్గర ఆగిపోతుంది. జపాను పెట్టె లెక్కకీ కారణం ఉంది. వోల్టుకి స్థాయి చొప్పున పలికించే అమరిక కాస్త ఖరీదైనది, పైగా గది వేడెక్కితే శ్రుతి జారుతుంది. రెట్టింపు పద్ధతిలో ఆ బాధ తక్కువ. అయితే కింది స్థాయిల్లో మరీ ఇరుకు. ఒకటిలో సగం, సగంలో సగం అంటూ పోతే చివరికి చిటికెడు వోల్టులో సప్తస్వరాలూ సర్దుకోవాలి.

ఇక్కడే నాకు చురుక్కుమన్నది. సర్దుకోవాలి. మన ఆడవాళ్లకి ఉగ్గుపాలతో పట్టే మాట.

నా గొంతు ఐదున్నర శ్రుతి. మా మామగారు ఒకటిన్నర. కాపురానికొచ్చిన కొత్తలో ప్రతి శనివారం ఇంట్లో భజన. శ్రుతిపెట్టె ఒకటిన్నర దగ్గరే ఉండేది. నన్నెవరూ బలవంతం చేయలేదు, ఆ మాట అంటే కళ్లు పోతాయి. "నువ్వు బాగా పాడతావటగా, అందుకోమ్మా" అని ఆయనే ఆప్యాయంగా పిలిచేవారు. కింద పాడితే గొంతు వినబడదు, పైన పాడితే చీరుకుపోతుంది. నాలుగు వారాలు చూసి మా తోడికోడలు, "పుట్టింట్లో బాగానే పాడేదేమో" అంది. ఆ తర్వాత తాళం వాయించడానికి స్థిరపడ్డాను. నా గొంతు పాడైపోలేదు, శ్రుతి వేరు అని నాకే తెలియదు! పాడడం మానేశానని మావారు గమనించింది పదకొండేళ్లకి.

పోనీయండి, అది పాత కథ. జపాను పెట్టె దగ్గరికి రండి. స్వరం సంగతి అలా ఉండగా, ఆవిడకి ఇంకో విచిత్రం ఉంది. మెట్టు నొక్కితే ఊరుకుంటోంది, చెయ్యి తీస్తే మోగుతోంది. మావాడు నవ్వి, "దీని పిలుపు తలకిందులు" అన్నాడు. చాలా పెట్టెలు మెట్టు నొక్కగానే వోల్టు పెరిగితే, అది పాడమన్న ఆజ్ఞ అనుకుంటాయి. ఈవిడకి వోల్టు సున్నాకి పడితే ఆజ్ఞ. మోగ్ గారి తొలి యంత్రాలూ ఇంతే. మనం మౌనంగా ఉన్నామనుకుంటే ఆవిడ పిలుపనుకుంటుంది, పిలిస్తే ఊరుకోమన్నామనుకుంటుంది.

అప్పుడే మా కోడలు గదిలోంచి వచ్చి, ఒక్క క్షణం విని, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లింది. అదిగో, ఆ 'ఏమీ అనకుండా' అన్నదే ఎనిమిది నెలలుగా నా గుండెలో ముల్లు. మా ఇంట్లో మాట్లాడలేదంటే అలిగినట్టు. అన్నం ఇంకొంచెం వడ్డించనా అంటే "వద్దు" అనాలి. అది వద్దని కాదు, మరోసారి అడగమని. వాళ్లింట్లో, ఈ సంగతి తర్వాత నేనే అడిగి తెలుసుకున్నాను, మాట్లాడలేదంటే అంతా బాగున్నట్టు. వద్దంటే వద్దు. ఆ పిల్ల హాయిగా ఉన్నప్పుడల్లా నేను అలిగిందనుకున్నాను. నేను మొహమాటపడినప్పుడల్లా తను నా మాట గౌరవించి గరిటె వెనక్కి తీసుకుంది. ఇద్దరం మర్యాదస్తులమే!

మరుసటి ఆదివారం మావాడి స్నేహితుడు బుక్లా తరహా పెట్టె ఒకటి తెచ్చాడు. దాని తీగలకి చివర ఒకే పుల్ల, లోపల ఒకే తీగ. కలిపితే స్వరం నిలవదు, గుయ్యిమని రొద. ఆ కుర్రాడు జేబులోంచి ఓ నల్ల తీగ తీసి రెండు పెట్టెల ఎర్తుల్నీ కలిపాడు. రొద ఆగింది. మామూలు తీగల్లో ఎర్తు తోడుగా వస్తుందట, వీటికి విడిగా కలపాలి. "వోల్టంటే తేడా, ఆంటీ. ఎక్కడినించి తేడా అన్నది రెండింటికీ ఒకటి కాకపోతే ఒక వోల్టన్న మాటకి అర్థమే లేదు" అన్నాడు.

ఇది నాకు వెంటనే అర్థమైంది. మా వాళ్లు రెండో అంతస్తు అంటే గ్యాసు బండ తెచ్చే అబ్బాయి ఎప్పుడూ మొదటి అంతస్తులో దించేస్తాడు. కింది వాటాని వాడు ఒకటి అంటాడు, మేం సున్నా అంటాం. లెక్కపెట్టడం ఇద్దరికీ వచ్చు.

మా కోడలు రోజూ ఆరింటికి లేచి అందరికీ కాఫీ కలుపుతుంది, ఆ తర్వాత ఆఫీసు పని. నా లెక్కలో అది సున్నా. ఇంటికోడలు చేసేదే కదా, అక్కడినించి పైకి చేసిందే ఖాతాలోకి వస్తుంది. వాళ్ల పుట్టింట్లో పొద్దుటి కాఫీ వాళ్ల నాన్నగారిది. తన సున్నా మంచం మీద ఉంది. అక్కడినించి లేచి వచ్చిన ప్రతి అడుగూ తనకి లెక్కే. నాకేమీ కనబడలేదు, తనకి ఎంతో చేసినట్టుంది. ఎవరు అబద్ధమాడారు చెప్పండి?

ఇప్పుడు ధర్మసందేహం. రెండు కొలతలూ సరైనవే అయితే ఎవరు మారాలి? ఎక్కువమంది వాడేది ఏదో దానికి మారిపోవడం సుఖం అంటారు. నిజమే, ఇవాళ ఒక వోల్టుకి ఒక స్థాయి అన్న లెక్కే చాలాచోట్ల నెగ్గింది. నెగ్గింది గనుక అదే నిజం అనుకోవడం మాత్రం మా తోడికోడలి తీర్పులాంటిది. ఈ పెట్టెలవాళ్లు ఎవరినీ మార్చరు. మధ్యలో ఓ చిన్న మార్పిడి పెట్టె పెడతారు. ఇటు లెక్క తీసుకుని అటు లెక్కగా ఇస్తుంది. రెండు యంత్రాలూ తమ తీరునే ఉంటాయి. దానికి డబ్బవుతుంది, చోటు కావాలి, కరెంటు కాలుతుంది.

మన ఇళ్లల్లో ఆ పెట్టె కొనలేదు. ఆ పని మనిషి చేత చేయించారు. అత్తవారి మాట పుట్టింటికి, పుట్టింటి మాట అత్తవారికి, తండ్రి కోపం పిల్లలకి, పిల్లల కోరిక తండ్రికి వోల్టులు మార్చి మార్చి అందించిన ఆవిడ సాయంత్రానికి ఎందుకు వేడెక్కుతుందో ఎవరూ అడగలేదు. సర్దుకుపొమ్మన్న సలహాలో తప్పు సర్దుకోవడం కాదని నాకిప్పుడనిపిస్తోంది. ఖర్చు ఎప్పుడూ ఒక్కరి ఖాతాలోనే రాశారు, అదీ తప్పు.

ఖర్చు పంచుకున్నవాళ్లూ ఉన్నారు. అహ్మదాబాదు వాసి గీతా సారాభాయ్ పఖవాజ్ నేర్చిన విదుషి. 1946లో న్యూయార్క్ వెళ్లి జాన్ కేజ్ అనే స్వరకర్త దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. రుసుము బదులు ఆవిడ ఆయనకి మన సంగీతం, మన తత్వం చెప్పారు. ఎవరూ తమది వదులుకోలేదు, ఇద్దరూ ఎదుటివారి లెక్క నేర్చుకున్నారు. 1969లో అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి మోగ్ యంత్రం వచ్చినప్పుడు దాని మీద పనిచేసిన మనవాళ్లలో ఆవిడా ఉన్నారు.

అందరికీ ఒకే భాష పెట్టే ప్రయత్నమూ జరిగింది. 1983 జనవరిలో రెండు వేర్వేరు కంపెనీల వాద్యాల్ని ఒక తీగతో కలిపి చూపించారు. మిడి అన్నారు దాన్ని. వోల్టులు పంపదు, ఫలానా నెంబరు మెట్టు నొక్కారు అని అంకెలు పంపుతుంది. సున్నా నించి 127 దాకా. చాలా గొప్ప సదుపాయం, కాదనను. రెండు పెట్టెల ఎర్తులూ కలవనక్కర్లేకుండా కబురు లోపల వెలుగు రూపంలో దాటుతుందట. ఉత్తరాలతో నడిచే బంధుత్వంలాగ. క్షేమమని రాస్తారు, క్షేమమనుకుంటాం. కాని మా అబ్బాయి ఆ తీగ పక్కనపెట్టి మళ్లీ వోల్టుల దగ్గరికే ఎందుకు వచ్చాడంటే, రెండు మెట్ల మధ్య జారే గమకం అంకెల్లో కుదించకుండా వోల్టులో ఉన్నదున్నట్టు వెళుతుందని. నేను ఆ మాట ఒప్పుకుంటాను. ఒకే కప్పు కింద ఉండేవాళ్లకి ఉత్తరాలు చాలవు.

మార్పిడి పెట్టె నిన్న వచ్చింది. జపాను ఆవిడ ఇప్పుడు మూడో షడ్జం షడ్జంగానే పలుకుతోంది, నొక్కినప్పుడే పలుకుతోంది. మావాడు నన్ను పాడమన్నాడు. ఏ శ్రుతిలో అన్నాను. "నీదెంతో చెప్పు, కలుపుతాను" అన్నాడు. నాకు వెంటనే గుర్తురాలేదు.

అంతలో కోడలు టీ తెచ్చింది. "చక్కెర వేయనా అత్తయ్యా?" అంది.

"వద్దులేమ్మా" అన్నాను, అలవాటు కొద్దీ.

వేయలేదు. కప్పు నా చేతికిచ్చి చక్కా వెళ్లిపోయింది. రెండు గుక్కలు తాగాక లేచి, వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీశాను. తనక్కడే ఉంది. "చెంచా ఇలా ఇవ్వు, నేనే వేసుకుంటాను" అన్నాను.